ఐవీఎఫ్‌లో హార్మోన్ రిపోర్టులు: ఏ రోజు ఏ టెస్టు, ఎలా రాసుకోవాలి, ఎలా చదువుకోవాలి

ట్రీట్‌మెంట్ మొదలైన కొత్తలో నా రిపోర్టులన్నీ మందుల షాపు ప్లాస్టిక్ కవర్లో ఉండేవి. డాక్టరమ్మ "మొన్న ఈ2 ఎంతొచ్చిందమ్మా?" అని ఎస్ట్రాడయాల్ అనే హార్మోన్ అంకె అడిగితే ఆ కవర్ టేబుల్ మీద కుమ్మరించి వెతికేదాన్ని. కొన్ని నా వాట్సాప్‌లో, కొన్ని మా ఆయన మెయిల్లో, ఒకటి రెండు కారు సీటు కింద. రెండు ఎగ్ పికప్‌లు (అండాలు బయటికి తీయడం), మూడు ట్రాన్స్‌ఫర్‌లు (పిండాన్ని గర్భసంచిలో పెట్టడం) అయ్యేసరికి నాకు గట్టిగా తెలిసొచ్చిన సంగతి ఒకటే. హార్మోన్ అంకెను ఒంటరిగా చదవకూడదు. ఏ రోజు తీశారు, ఏ యూనిట్‌లో ఇచ్చారు, అప్పటికి ఒంట్లో ఏ మందు ఉంది, అంతకు ముందు అంకె ఎంత. ఈ నాలుగూ పక్కన ఉన్నప్పుడే దానికి అర్థం వస్తుంది. అవి లేకుండా అర్ధరాత్రి గూగుల్లో వెతికితే మిగిలేది టెన్షనే.

నేను డాక్టర్ని కాదు. ఇది చదివి డోసులు మీ అంతట మీరు మార్చుకోవద్దు. డాక్టరు ముందు కూర్చునే ఆ పది నిమిషాలూ మీకు పూర్తిగా పనికిరావాలని ఇదంతా రాస్తున్నాను.

1. ముందు ఒక పుస్తకం పెట్టండి

లాంగ్ నోట్‌బుక్ ఒకటి చాలు. ఫోన్లో ఎక్సెల్ షీటు అలవాటున్నవాళ్ళు అదే వాడుకోవచ్చు. స్కానింగ్ గది బయట, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని రాసుకోవడానికి నాకైతే పెన్నూ పుస్తకమే వీలుగా ఉండేవి. ఒక్కో విజిట్‌కి ఒక్కో లైను. నా మొదటి సైకిల్లో ఒక రోజు ఇలా ఉంది:

"సైకిల్ 8వ రోజు, ఇంజెక్షన్ల 7వ రోజు, మంగళవారం. రక్తం ఉదయం 7.40. ఈ2 612 పికోగ్రాములు. ఎల్‌హెచ్ 2.1. ప్రొజెస్టిరాన్ 0.6 నానోగ్రాములు. కుడి 14, 13, 13, 11. ఎడమ 15, 12, 12. లైనింగ్ 7.8. ఎఫ్‌ఎస్‌హెచ్ 225 అలాగే, పొద్దున యాంటాగనిస్ట్ ఒకటి. మళ్ళీ గురువారం."

ఇందులో ఎల్‌హెచ్ అండాన్ని విడుదల చేయించే హార్మోన్, ప్రొజెస్టిరాన్ గర్భసంచిని పిండానికి సిద్ధం చేసే హార్మోన్. లైనింగ్ అంటే గర్భసంచి లోపలి పొర మందం. ఎఫ్‌ఎస్‌హెచ్ 225 అన్నది అండాలు పెంచే ఇంజెక్షన్ డోసు, యాంటాగనిస్ట్ అవి ముందే విడుదల కాకుండా ఆపే ఇంజెక్షన్. కుడి, ఎడమ పక్కన ఉన్నవి ఆ అండాశయాల్లో ఫాలికల్స్ (అండం పెరిగే చిన్న నీటి సంచులు) సైజులు, మిల్లీమీటర్లలో. స్కాన్ చేసేటప్పుడు డాక్టరు గబగబా చెబుతారు, పక్కనున్న సిస్టర్ రాసుకుంటారు. స్కాన్ అయ్యాక ఆ కాగితం ఫోటో తీసుకుంటానని అడగండి. నేను అడిగినప్పుడు ఎవరూ కాదనలేదు. రక్తంలోని అంకె, స్కాన్లోని సైజు పక్కపక్కన ఉంటే తప్ప రెండింటిలో ఏదీ పూర్తిగా అర్థం కాదు.

2. యూనిట్ చూడకుండా అంకె చూడకండి

మా చెల్లెలు లండన్లో ఉంటుంది. తనకూ పిల్లల కోసం టెస్టులు జరుగుతున్నాయి. ఒకరోజు వీడియో కాల్లో "అక్కా, నా ఏఎంహెచ్ 15 అట" అంది. ఏఎంహెచ్ అంటే అండాశయంలో ఎన్ని అండాలు మిగిలాయో అంచనా ఇచ్చే హార్మోన్. నాది 2.1. ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి పదిహేను, నాకు రెండా అని పొద్దున్నే లేచి మళ్ళీ రిపోర్టు తీసి చూశాను. ఇక్కడ మన ల్యాబుల్లో ఏఎంహెచ్‌ని మిల్లీలీటరుకి ఇన్ని నానోగ్రాములు అని ఇస్తారు. బ్రిటన్లో లీటరుకి ఇన్ని పికోమోల్స్ అంటారు. పదిహేనుని 7.14తో భాగిస్తే 2.1. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే అంకె!

కాబట్టి పుస్తకం అట్ట లోపల ఈ మూడూ రాసిపెట్టుకోండి. ఏఎంహెచ్ నానోగ్రాములను 7.14తో గుణిస్తే పికోమోల్స్. ఈ2, అంటే ఎస్ట్రాడయాల్, పికోగ్రాములను 3.67తో గుణిస్తే పికోమోల్స్. ప్రొజెస్టిరాన్ నానోగ్రాములను 3.18తో గుణిస్తే నానోమోల్స్. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లకు ఈ గొడవ లేదు. యూనిట్ పేరు రెండు రకాలుగా రాసినా అంకె మారదు.

ఒకే సైకిల్ నడుస్తుండగా ల్యాబ్ మార్చకండి. మెషీన్ మారితే అదే రక్తానికి అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. రోజుల మధ్య తేడా చూసే చోట ఆ కొంచెమే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఇంకో మాట. రిపోర్టులో అంకె పక్కన నల్లగా "హెచ్" (హై, ఎక్కువ) అని పడితే గుండె ఆగినంత పనవుతుంది. ల్యాబ్ వాళ్ళు అచ్చేసే నార్మల్ రేంజి ఏ మందూ వాడని మామూలు నెలకి. ఇంజెక్షన్ల మీద ఉన్నప్పుడు ఈ2 1500 వచ్చినా హెచ్ అనే పడుతుంది. ఆ గుర్తు చూడటం నేను రెండో వారానికే మానేశాను.

3. రెండో రోజు రక్తం

ఒకటో రోజు ఏదన్న దగ్గరే చాలామంది తడబడతారు. బట్టకి కాస్త మరక కనిపించిన రోజు లెక్కలోకి రాదు. ఎర్రగా, పూర్తిగా మొదలైన రోజే ఒకటో రోజు. అది రాత్రి పదకొండింటికి మొదలైతే ఎలా లెక్కపెట్టాలో ఒక్కో చోట ఒక్కోలా చెబుతారు, మీ సెంటర్లో ముందే అడిగి పుస్తకంలో రాసుకోండి.

రెండో రోజు గానీ మూడో రోజు గానీ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈ2 కలిపి తీస్తారు. ఎఫ్‌ఎస్‌హెచ్ అనేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి అండాశయాన్ని పిలిచే పిలుపు అనుకోండి. లోపల బాగా పలుకుతుంటే మెల్లగా పిలిచినా చాలు. పలకకపోతే గొంతు పెంచాలి. అందుకే ఎఫ్‌ఎస్‌హెచ్ 10 దాటితే డాక్టర్లు ఆలోచనలో పడతారు. అయితే ఎఫ్‌ఎస్‌హెచ్‌ని ఎప్పుడూ ఈ2 పక్కన పెట్టి చూడాలి. ఆ రోజుకే ఈ2 80 పికోగ్రాములు దాటి ఉంటే, అది పిట్యూటరీని అణిచి ఎఫ్‌ఎస్‌హెచ్‌ని తక్కువగా చూపిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ 7 అని ఊపిరి పీల్చుకునే ముందు పక్కనున్న ఈ2 ఎంతో చూడండి. ఈ టెస్టులకి పరగడుపున వెళ్ళక్కర్లేదు. షుగరూ ఇన్సులినూ కూడా రాసుంటే మాత్రం ఏమీ తినకుండా వెళ్ళాలి.

ఏఎంహెచ్ ఏ రోజైనా ఇవ్వచ్చు. అండాశయంలో ఎన్ని అండాలు మిగిలున్నాయో, ఇంజెక్షన్లకి ఎన్ని స్పందిస్తాయో అంచనా వేయడానికి పనికొస్తుంది. అండం నాణ్యత గురించి అది చెప్పదు. అక్కడ వయసుదే ఎక్కువ పాత్ర. 1.2 కన్నా తక్కువ ఉండి, స్కాన్లో చిన్న ఫాలికల్స్ అయిదు కన్నా తక్కువ కనబడితే తక్కువ అండాలు వస్తాయని డాక్టర్లు ముందే అనుకుంటారు. పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న ఫాలికల్స్ ఎక్కువగా ఉండే సమస్య) ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువగా వస్తుంది, అదీ జాగ్రత్తగా డోసు వేయాల్సిన విషయమే. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఏఎంహెచ్ కొంత తగ్గి కనిపిస్తుంది. మన ఇళ్ళలో ఈ అంకెను పరీక్ష మార్కుల్లా చుట్టాలకి చెప్పేస్తారు. దయచేసి చెప్పకండి, చెప్పనివ్వకండి. ఏఎంహెచ్ తక్కువ అన్నంత మాత్రాన సహజంగా గర్భం రాదని అర్థం కాదు. ఆ ముక్క చుట్టాల దాకా వెళ్ళదు, అంకె మాత్రం వెళుతుంది.

టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ టెస్టు, 2.5 లోపు ఉంటే మంచిదని ట్రీట్‌మెంట్‌కి ముందు చాలామంది డాక్టర్లు చూస్తారు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. డోసు మారిస్తే ఆరు వారాల దాకా అసలు అంకె తెలియదు. సైకిల్‌కి తొందరపడుతున్నవాళ్ళు ఈ ఆరు వారాలూ ముందే లెక్కేసుకోవాలి.

ప్రొలాక్టిన్ (తల్లికి పాలు వచ్చేలా చేసే హార్మోన్) సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నాకు మొదటిసారి 38 వచ్చింది. మామూలుగా 25 లోపు ఉండాలి. మెదడుకి ఎంఆర్‌ఐ తీయాలేమో అన్న మాట విని మా అత్తగారు మొక్కులు కూడా మొక్కేశారు. డాక్టరమ్మ మాత్రం "ఏమేం మాత్రలు వాడుతున్నావు, అన్నీ చెప్పు" అంది. నేను నెల రోజులుగా పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. గ్యాస్ మాత్రని కూడా మందు కింద లెక్కేసి చెప్పాలని నాకు తోచలేదు. అందులో పాంటప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ ఉంది. డోంపెరిడోన్ ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. ఆవిడ చెప్పినట్టు అది ఆపి మళ్ళీ ఇస్తే 17. రక్తం ఇచ్చే పద్ధతి కూడా ఉంది. నిద్ర లేచిన రెండు మూడు గంటల తర్వాత, పరుగున మెట్లెక్కి కాకుండా కాసేపు ప్రశాంతంగా కూర్చుని ఇవ్వాలి. కొంచెం ఎక్కువొస్తే ఒకసారి మళ్ళీ తీయించాకే ఏమైనా అనుకోవాలి.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవాళ్ళు ఆ సంగతి ల్యాబ్‌లోనూ డాక్టరుకీ చెప్పండి. కొన్ని మెషీన్లలో ఎక్కువ డోసు బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, ఈ2, ప్రొజెస్టిరాన్ లేనంత ఎక్కువగా కనిపిస్తాయి. టెస్టుకి ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్ళే చెబుతారు.

4. ఇంజెక్షన్ల రోజులు

రెండో రోజో మూడో రోజో ఇంజెక్షన్లు మొదలవుతాయి. తర్వాత రెండు మూడు రోజులకోసారి స్కాన్, రక్తం. పెరుగుతున్న ప్రతి ఫాలికల్ ఈ2 తయారుచేస్తుంది. బాగా ఎదిగిన ఒక్కో ఫాలికల్‌కి 200 నుంచి 300 పికోగ్రాములు అని ఒక ఉజ్జాయింపు లెక్క. స్కాన్లో పెద్ద ఫాలికల్స్ ఎనిమిది ఉంటే ఈ2 రెండువేల చుట్టుపక్కల ఉండటం సహజం. ఎనిమిది కనబడి ఈ2 మరీ తక్కువుంటే ఎందుకని అడగండి. లెట్రోజోల్ మాత్రలు కలిపి ఇస్తుంటే జవాబు అక్కడే ఉంటుంది. ఆ మందు పనే ఈ2 తయారవకుండా ఆపడం. లెట్రోజోల్ మీద ఉన్న స్నేహితురాలి అంకెతో మీ అంకె పోల్చుకుంటే ఇద్దరికీ బాధే.

ఈ రోజుల్లో విడి అంకె కన్నా రెండు అంకెల మధ్య నడక ముఖ్యం. పుస్తకంలో ఈ2 పక్కన చిన్న బాణం గీసి, మొన్నటి మీద ఎన్ని రెట్లయిందో రాసేదాన్ని. మొదటి వారంలో రెండు రోజులకి దాదాపు రెట్టింపవుతుంటే డాక్టరమ్మ డోసు కదిలించేది కాదు. పెరగడం ఆగినా, ట్రిగ్గర్‌కి (పికప్‌కి ముందు అండాలను పక్వం చేసే ఆఖరి ఇంజెక్షన్‌కి) ముందే తగ్గినా ఆ రోజే మాట్లాడాలి. ఫాలికల్స్ చాలా ఎక్కువై ఈ2 మూడువేలు దాటి పోతుంటే అది ఇంకో రకం జాగ్రత్త, దాని గురించి కింద చెబుతాను.

ఎల్‌హెచ్ ముందే ఎగబాకితే అండాలు పికప్‌కి ముందే విడుదలైపోవచ్చు. దాన్ని ఆపడానికే ఇంజెక్షన్ల అయిదో రోజో ఆరో రోజో, లేదా పెద్ద ఫాలికల్ 14 మిల్లీమీటర్లు దగ్గరపడ్డాక, యాంటాగనిస్ట్ మొదలుపెడతారు. అది ఒక్క పూట కూడా తప్పకూడదు.

పొద్దున ఏడున్నరకి రక్తం ఇస్తే మధ్యాహ్నానికి రిపోర్టు, సాయంత్రానికి సెంటర్ నుంచి ఫోను: ఈ రాత్రి డోసు ఇంత అని. ఒకసారి ఆ ఫోను నేను బస్సులో ఉండగా వచ్చింది. పక్కన హారన్లు. "వన్ ఫిఫ్టీ"యా, "వన్ సెవెంటీ ఫైవ్"వా సరిగ్గా వినబడలేదు. సరేనండీ అనేసి పెట్టేశాను. ఇంటికొచ్చి తిరిగి చేస్తే లైను బిజీ. నలభై నిమిషాలు పెన్ ఇంజెక్షన్ చేతిలో పట్టుకుని, చెమటలు పట్టి కూర్చున్నాను. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం. డోసు వాట్సాప్‌లో కూడా పంపమని అడగడం. ఫోన్లో విన్నది తిరిగి చదివి వినిపించడం: "ఎఫ్‌ఎస్‌హెచ్ 175, రాత్రి తొమ్మిదికి, అంతేనా సిస్టర్?" ఈ ఒక్క వాక్యం మొహమాటపడకుండా అడగండి.

5. ట్రిగ్గర్ రోజు

మామూలుగా కనీసం మూడు ఫాలికల్స్ 17, 18 మిల్లీమీటర్లకి వస్తే ట్రిగ్గర్ ఇస్తారు. ఇచ్చిన 34 నుంచి 36 గంటల్లో అండాలు తీయాలి. శనివారం ఉదయం 9 గంటలకి పికప్ అంటే గురువారం రాత్రి 9కి ట్రిగ్గర్. ఇక్కడ పదిహేను నిమిషాలు అటూ ఇటూ అయినా చెప్పాలి. రెండు ఫోన్లలో అలారం పెట్టుకుని, వేసుకున్న నిమిషం పుస్తకంలో రాయండి.

ఐవీఎఫ్ మొదటి నుంచీ ఈ గడియల లెక్క మీదే నడిచింది. 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో పుట్టిన మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయీ బ్రౌన్ విషయంలో ఇంజెక్షన్లు లేవు. తల్లి మూత్రంలో ఎల్‌హెచ్ కొలుస్తూ, అది పెరిగిన గంటను బట్టి ఆ ఒక్క అండాన్నీ తీశారు. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో దుర్గ అనే పాప ఐవీఎఫ్‌తో పుట్టింది. డాక్టర్ సుభాష్ ముఖర్జీ హార్మోన్ ఇంజెక్షన్లతో అండాలు పెంచి, పిండాన్ని ఫ్రీజ్ చేసి తర్వాత గర్భసంచిలో పెట్టారు. ఇవాళ మన సెంటర్లలో జరిగేది చాలావరకు ఆయన నడిచిన దారే.

ట్రిగ్గర్ రోజు ప్రొజెస్టిరాన్ అంకె మర్చిపోకుండా అడిగి రాసుకోండి. 1.5 నానోగ్రాములు దాటితే లైనింగ్ ముందే ముదిరిపోయి పిండంతో జత కుదరదని, ఆ నెల ట్రాన్స్‌ఫర్ ఆపి అన్నిటినీ ఫ్రీజ్ చేయడం చాలా చోట్ల పద్ధతి. నా మొదటి సైకిల్లో 8వ రోజు 0.6 ఉన్నది, 10వ రోజు 1.1, ట్రిగ్గర్ రోజు 1.7 అయింది. ఫ్రెష్ ట్రాన్స్‌ఫర్ లేదన్నారు. అండాలు పాడైపోయాయేమో అనుకుని ఇంటికొచ్చేదాకా ఏడ్చాను. పాడైంది ఏమీ లేదు, ఆ నెల లైనింగ్ మాత్రమే పనికిరాలేదు. ఆ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది, అందుకే మీకు చెబుతున్నాను.

ట్రిగ్గర్ రెండు రకాలు. హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఒకటి. ఫాలికల్స్ చాలా ఎక్కువున్నవాళ్ళకి, ఓహెచ్‌ఎస్‌ఎస్ (ఇంజెక్షన్లకి అండాశయాలు అతిగా స్పందించి ఉబ్బే సమస్య) రాకుండా, జీఎన్‌ఆర్‌హెచ్ అగొనిస్ట్ అనే రెండో రకం ఇస్తారు. రెండో రకమైతే మర్నాడు పొద్దున ఎల్‌హెచ్ 15 దాటిందో లేదో చూడమనవచ్చు, ఇంజెక్షన్ పనిచేసిందా అని తెలియడానికి. హెచ్‌సీజీ వేసుకున్నవాళ్ళు పది, పద్నాలుగు రోజుల దాకా ఇంట్లో ప్రెగ్నెన్సీ కిట్ ముట్టుకోవద్దు. ఆ ఇంజెక్షనే రెండు గీతలు చూపిస్తుంది.

పికప్ తర్వాత పొట్ట బిగుసుకుపోయి ఉబ్బడం, రోజుకి కిలో పైగా బరువు పెరగడం, మూత్రం తగ్గడం, ఆయాసం, ఆగని వాంతులు. ఇవి ఓహెచ్‌ఎస్‌ఎస్ గుర్తులు, పైన చెప్పిన ఇంకో రకం జాగ్రత్త ఇదే. వీటిలో ఏది కనిపించినా పొద్దున దాకా ఆగకండి, అప్పుడే ఫోన్ చేసి బయల్దేరండి. అందుకే ఆ వారం రోజులూ పొద్దున్నే బరువు కూడా పుస్తకంలో ఒక గడిలో రాయాలి.

6. ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్: ప్రొజెస్టిరాన్ ఎందుకు తికమక పెడుతుంది

మందులతో లైనింగ్ పెంచే పద్ధతిలో ముందు ఈస్ట్రోజన్ మాత్రలు ఇస్తారు. స్కాన్లో లైనింగ్ 7 మిల్లీమీటర్లు దాటి మూడు గీతల్లా కనబడాలి. ప్రొజెస్టిరాన్ మొదలుపెట్టే ముందు రక్తంలో అది తక్కువుందని చూసుకుంటారు, ఎక్కువుంటే మీ అంతట మీకే అండం విడుదలైందని అర్థం. అయిదో రోజు పిండాన్ని, అంటే బ్లాస్టోసిస్ట్‌ని, ప్రొజెస్టిరాన్ మొదలైన ఆరో రోజున పెడతారు. మొదటి డోసు ఏ గంటకి పడిందో రాయండి.

యోనిలో పెట్టుకునే జెల్, క్యాప్సూల్స్ వాడుతుంటే మందు నేరుగా గర్భసంచికి చేరుతుంది కాబట్టి రక్తంలో అంకె తక్కువగానే ఉంటుంది. పిరుదుకి వేసే నూనె ఇంజెక్షన్ అయితే ఎక్కువ కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫర్ దగ్గర 10 నానోగ్రాముల కన్నా తక్కువుంటే ఇంజెక్షన్ కలిపే డాక్టర్లు చాలామంది ఉన్నారు. మరీ ముఖ్యమైన సంగతి ఇది: మన దగ్గర ఎక్కువగా రాసే డైడ్రోజెస్టిరాన్ మాత్రలు ప్రొజెస్టిరాన్ టెస్టులో కనబడవు. రోజుకి మూడు మాత్రలు వేసుకున్నా ఆ టెస్టుకి అవి లేనట్టే. రిపోర్టులో 3 అని చూసి మందు పనిచేయట్లేదని భయపడేవాళ్ళని వెయిటింగ్ హాల్లో ఎంతమందినో చూశాను. ఏ ప్రొజెస్టిరాన్, ఏ దారిన, చివరి డోసు ఎన్నింటికి అని అంకె పక్కన రాస్తే ఆ భయం ఉండదు.

మందులు లేకుండా మామూలు నెలలో, ఐయూఐలో (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతిలో) చేసే "21వ రోజు ప్రొజెస్టిరాన్" గురించి ఒక్క మాట. అది 28 రోజుల సైకిల్ వాళ్ళకే 21వ రోజు. 35 రోజులకి వచ్చేవాళ్ళు అండం విడుదలైన వారానికి, అంటే దాదాపు 28వ రోజుకి ఇవ్వాలి. 3 దాటితే అండం విడుదలైనట్టే.

7. బీటా

బ్లాస్టోసిస్ట్ పెట్టిన తొమ్మిది నుంచి పదకొండు రోజులకి బీటా హెచ్‌సీజీ, అంటే గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్త పరీక్ష, తీస్తారు. 5 లోపు అంటే లేదని. 5 నుంచి 25 మధ్య అటూ ఇటూ కాని స్థితి, మళ్ళీ తీయాల్సిందే. 48 గంటల తర్వాత రెండో రక్తం ఇవ్వాలి, అదే ల్యాబ్‌లో, వీలైతే అదే గంటకి. దాదాపు రెట్టింపవడం బాగున్నట్టు. మొదటి అంకె 1500 లోపు ఉన్నప్పుడు రెండు రోజుల్లో కనీసం 49 శాతం పెరగాలన్నది డాక్టర్లు చూసే హద్దు. నా మొదటి ట్రాన్స్‌ఫర్‌లో 22, తర్వాత 9. మూడోసారి 118, రెండు రోజులకి 251. ఎవరిదో 400 అని విని మీ 118ని చూసి దిగులుపడకండి, పక్కవాళ్ళ అంకె కన్నా మీ రెండు అంకెల మధ్య నడకే చెబుతుంది.

నెమ్మదిగా పెరుగుతూ, లేదా పెరిగీ పెరగనట్టు ఉంటే గర్భం ట్యూబులో నిలిచిందేమో చూడాలి. ఒక పక్క పొత్తికడుపు నొప్పి, భుజం చివర నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే బీటా కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

8. మీ ఆయన పేజీ

పుస్తకంలో ఒక పేజీ భర్తకి కేటాయించండి. వీర్య పరీక్షలో కౌంట్ బాగా తక్కువుంటే ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ రాస్తారు. టెస్టోస్టిరాన్ పొద్దున పూటే ఇవ్వాలి, మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పమనండి. బయటి నుంచి ఎక్కించే టెస్టోస్టిరాన్ వీర్యకణాల తయారీని ఆపేస్తుంది. మా ఇంట్లో ఏడాది పాటు రక్తాలన్నీ నావే తీశారు. ఆయన టెస్టులు నాతో పాటే మొదటి నెలలో జరగాల్సినవి.

9. సైకిల్ అయ్యాక ఫైల్ తీసుకోండి

ముందుగా, మీ సెంటర్ 2021 నాటి ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ సెంటర్లను నియంత్రించే చట్టం) కింద రిజిస్టర్ అయిందో లేదో అడగండి. ఇక, 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం రోగి తన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే తీసుకుని రావద్దు. రోజువారీ డోసుల చార్టు, స్కాన్ సైజులు, ట్రిగ్గర్ పేరు, గంట, ఎన్ని అండాలు వచ్చాయి, ఎన్ని ఎదిగినవి, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఏ రోజు పిండాలు ఎన్ని, వాటి గ్రేడు. ఇవన్నీ కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి.

రెండో ట్రాన్స్‌ఫర్ కూడా కుదరనప్పుడు ఆ ఫైల్, నా పుస్తకం రెండూ పట్టుకుని కూర్చున్నాం. డాక్టరమ్మ నా పేజీల మీద వేలు పెట్టి 8వ రోజు, 10వ రోజు, ట్రిగ్గర్ రోజు ప్రొజెస్టిరాన్ వరుసగా చదివింది. మళ్ళీ పికప్‌కి వెళ్దాం, ఈసారి చివరి రోజుల్లో ఎఫ్‌ఎస్‌హెచ్ కొంచెం తగ్గించి ట్రిగ్గర్ ఒక రోజు ముందే ఇద్దాం అంది. ఆ ట్రిగ్గర్ రోజు సాయంత్రం ల్యాబ్ మెసేజ్ తెరిచి మా ఆయన గట్టిగా చదివారు, నేను రాసుకున్నాను: ప్రొజెస్టిరాన్ 0.9.